తల టౌన్లో, కాళ్ళు పల్లెలో

ఏంటమ్మడూ, పొద్దుట్నుంచీ ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నావు, ఏదైనా పరీక్ష రాస్తున్నావా ఏంటి? ఏదీ, ఈ తాతకియ్యి. ఆగు, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో. ఆఁ, నెత్తిమీదే ఉందా, సరే. ఊఁ... ఇటువైపు అద్దె, ఇంటి పన్ను, నీళ్ళ పన్ను, చెత్త పన్ను, కరెంటు, బస్సు, స్కూలు ఫీజు. అటువైపు మళ్ళీ అవే. అబ్బో, ఇప్పుడు చెత్తకి కూడా పన్నా? మా రోజుల్లో చెత్త ఊరికే పడేసేవాళ్ళం. అంటే ఇదన్నమాట సంగతి, మీ ఆయన తన ఉద్యోగం ఉన్న ఊళ్ళో చిన్న గది తీసుకుంటాడు, నువ్వు పిల్లాడితో ఇక్కడే తక్కువ అద్దెలో ఉంటావు, వారానికోసారి అతను వస్తాడు. కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి, మిగిలేది నెలకి పదకొండు వేలు. పదకొండు వేలంటే మాటలా! నేనేం అనట్లేదు తల్లీ, ఎందుకలా చూస్తావు? కూడిక కూడా సరిగ్గానే ఉన్నట్టుంది. నీ రాత చూస్తే మా బావ గుర్తొచ్చాడు, అంతే. మా అక్క మొగుడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. ఇలాగే, అచ్చం ఇలాగే, ఒక గీత ఇటు, ఒక గీత అటు. కాకపోతే ఆయన మూడు గళ్ళు గీసేవాడు.

ఆయన కాటా గుమస్తా. కాటా అంటే కూరగాయలు తూచేది కాదు, లారీలు ఎక్కే కాటా. ధాన్యం మిల్లు గేటు దగ్గర నేలలో ఇంత పెద్ద ఇనప పలక ఉండేది, దానిమీదకి లారీ ఎక్కించి, కిటికీలోంచి ముల్లు చూసి చీటీ రాసిచ్చేవాడు. సరుకుతో వచ్చినప్పుడు ఒక బరువు, సరుకు దించి వెళ్ళేటప్పుడు ఒక బరువు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అసలు సరుకు ఎంతో తేలుతుంది. రోజంతా అదే పని కదా, ఇంటికొచ్చినా అదే బుద్ధి. ఎవరేం చెప్పినా "అది సరేనోయ్, ఖాళీ బండి తీసేస్తే ఎంత?" అనేవాడు. ఎవరికో జీతం పెరిగిందంటే "బస్సు ఖర్చు తీసేస్తే ఎంత?" నాకు కరెంటాఫీసులో మీటర్లు చదివే పని వచ్చిందని ఎగురుకుంటూ వెళ్ళి చెప్తే "చెప్పులు అరిగేది తీసేస్తే ఎంత?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత చూస్తే నిజంగానే రెండు నెలలకో జత అరిగేవి. వీధంతా ఆయన్ని కాటాయన అనేవాళ్ళు. పిసినారి అనేవాళ్ళు కూడా ఉన్నారు గానీ, అది తప్పు. పిసినారి ఖర్చుపెట్టడు. ఈయన ఖర్చుపెట్టేవాడు, కాకపోతే దేనికి పెడుతున్నాడో పేరు పెట్టి మరీ పెట్టేవాడు.

పాడైపోయిన కాటా చీటీలు ఉండేవి చూడు, వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని జిగురుతో అంటించి ఇంత పొడుగు కాగితం చేసేవాడు. టౌను ఆఫీసు నుంచి పన్ను నోటీసు వచ్చిన వారంలో, ఆదివారం పూట, నేలమీద పరిచి కూర్చునేవాడు. మూడు గళ్ళు. తప్పనిసరి, అవసరం, దండగ. అక్క, ఇద్దరు పిల్లలు, నేను, అందరం చుట్టూ కూర్చోవాలి. ఒక్కో ఖర్చూ పైకి చదివి ఏ గడిలో వెయ్యాలో అడిగేవాడు. అదో పంచాయితీ. న్యూస్‌పేపరు అవసరం అని నేను, దండగ అని ఆయన, చివరికి మంగలి షాపులో ఊరికే చదవొచ్చని తేలాక దండగలో పడింది. పిల్లాడికి బూట్లు అవసరంలో. బూట్లకి పాలిష్ దండగలో. తన సిగరెట్లు రోజుకి రెండు, అవి ఏటా తనే దండగలో రాసుకునేవాడు, రాసి వెంటనే ఒకటి వెలిగించేవాడు. "అదేంటి నాన్నా, దండగ అన్నావుగా" అని చిన్నది అడిగితే, "దండగలో రాస్తే మానెయ్యాలని ఎవరన్నారే? దండగ అని తెలిసి కాల్చాలి, అంతే" అనేవాడు. నాకు ఆ మాట ఎందుకో ఇప్పటికీ నచ్చుతుంది.

ఇంతకీ ఇల్లు సంగతి కదా. అప్పుడు వాళ్ళు టౌన్లో అద్దెకుండేవాళ్ళు. ఇంటావిడ ఒకావిడ ఉండేది, మెత్తగా మాట్లాడేది, గొంతు వింటే తేనె. టౌను ఆఫీసువాళ్ళు ఏడాదికి ఇరవై పెంచితే ఈవిడ నెలకి ఐదు పెంచేది. "ఏం చెయ్యను బాబూ, పన్ను పెంచారు, నా చేతుల్లో ఏముంది?" అనేది. బావ వేళ్ళు మడిచి చూసి "ఏడాదికి ఇరవై పోయి అరవై వచ్చింది, ఖాళీ బండి తీసేస్తే మీకు నలభై మిగిలిందమ్మా" అని మొహమ్మీదే చెప్పాడు. ఆవిడ ఆ నెల్లోనే ఇల్లు ఖాళీ చెయ్యమంది. అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది. "లెక్క మనసులో చెప్పుకోవచ్చు కదండీ, పైకి చెప్పాలా?" అంది. సరే, వెళ్ళి వెళ్ళి ఎన్ని ఇళ్ళు మారతాం, సొంతంగా ఒకటి కట్టేద్దాం అని బావ తేల్చాడు. జీతం నూట పది. అప్పు ఇస్తామన్నారు, పదిహేనేళ్ళు, నెలకి ముప్పై ఐదు వాయిదా. అప్పుడు మొదలైంది అసలు కాగితం.

టౌన్లో ఇల్లు కడితే అడుక్కింత అని పన్ను. అరవై గజాల ఇంటికి కూడా ఏడాదికి రెండు వందల నలభై పడుతుంది, దానిమీద కుళాయికి అరవై. మూడు వందలు, అంటే మూడు నెలల జీతానికి కాస్త తక్కువ. అదే టౌను హద్దు దాటి పల్లెలో కట్టుకుంటే ఇల్లు ఎంతున్నా ఏడాదికి పన్నెండే. కానీ పల్లెలో కుళాయి లేదు. నీళ్ళ బండివాడి దగ్గర బిందెకింత అని కొనుక్కోవాలి, లెక్క వేస్తే అది ఇంకా మునక. మా బావ రెండు నెలలు ప్రతి ఆదివారం టేపు జేబులో వేసుకుని ఆ హద్దు వెంబడే తిరిగాడు. చూసినవాళ్ళు ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాడేమో అనుకునేవాళ్ళు. చివరికి పట్టేశాడు. ఒక స్థలం, సరిగ్గా దాని మూలలో హద్దురాయి. హద్దు ఆ స్థలం మధ్యలోంచి పోతుంది. ముప్పాతిక పల్లె, పావు టౌను. రెండు ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారని ఎవరూ కొనలేదు, అందుకే చవగ్గా ఉంది. బావ ఆ రాయిమీద కూర్చుని, ఒక సిగరెట్టు కాల్చి, బయానా ఇచ్చేసి వచ్చాడు.

ఇల్లంతా పల్లెలో. టౌను వైపున్న ముక్కలో ఒకే ఒక్క గది, ఎనిమిదడుగులు బై ఆరడుగులు, అందులో కుళాయి, దాని కింద సిమెంటు తొట్టి. ఆ గదికి టౌను పన్ను పంతొమ్మిది, కుళాయికి అరవై, ఇంటికి పల్లె పన్ను పన్నెండు. మొత్తం తొంభై ఒకటి. మూడు వందల్లోంచి తొంభై ఒకటి తీసెయ్యి. రెండు వందల తొమ్మిది. ఏడాదికి ఆరు వాయిదాలు, తెలుసా? బొమ్మ గీసి అక్కకి చూపించాడు, ఏదో నగ చేయించి చూపిస్తున్నట్టు. అక్క అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "వంటిల్లు ఇక్కడ. నీళ్ళు అక్కడ. మధ్యలో ఉన్నదేంటి, నేనా?" అంది. "ఇరవై రెండు అడుగులే" అన్నాడు. "వానొస్తే?" అంది. "వానొస్తే నీళ్ళు ఇంకా దగ్గరగానే దొరుకుతాయి కదా" అన్నాడు. అక్క నవ్వలేదు. వంటింట్లోకి గొట్టం లాగితే ఏమవుతుంది అంటే, కుళాయి ఉన్న ఇల్లు మొత్తం టౌను లెక్కలోకి వస్తుంది, అదీ వాళ్ళ రూలు. "అప్పు తీరిన రోజున గొట్టం వేయించేస్తాను, నీ వంటింట్లో తిప్పితే నీళ్ళొస్తాయి, ఇది నా మాట" అన్నాడు. అక్క ఆ కాగితం అడుగున సంతకం పెట్టించుకుంది. నవ్వకు, నిజంగా పెట్టించుకుంది.

అంతా అయ్యాక వచ్చాడు టౌను ఆఫీసు నుంచి ఇళ్ళు కొలిచే ఇన్‌స్పెక్టరు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ముక్కుతో మాట్లాడేవాడు. ఆ గది కొలిచాడు, చుట్టూ తిరిగాడు, లోపలికి తొంగి చూశాడు. "ఇదేంటండీ?" "ఇల్లండీ." "ఇందులో ఎవరుంటారండీ?" "కుళాయి ఉంటుందండీ." "కుళాయి నివాసం ఉంటుందాండీ?" ఇదీ వరస. ఆ ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి చదివాడు. మనిషి పడుకునే గదైతే నివాసం, దానికో రేటు. మనిషి పడుకోని గదైతే అది ఇల్లు కాదు, వేరే కట్టడం, దానికి మూడింతలు. పంతొమ్మిది కాస్తా యాభై ఏడు, అంటే ఏడాదికి ముప్పై ఎనిమిది ఎక్కువ. బావ మొహం ఎలా అయిందో నేను పక్కనే ఉండి చూశాను. ఒక్క క్షణం పట్టింది ఆయనకి. "నేనే పడుకుంటానండీ" అన్నాడు. "మీరా?" "నేనే. నాకు నీళ్ళ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు." ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, "సరే, రాసుకుంటున్నా. కానీ ఎప్పుడైనా తెల్లారగట్ట వచ్చి చూస్తాం, మంచమ్మీద మీరు లేకపోతే వెనకటి ఏళ్ళవి కూడా కలిపి కట్టాల్సొస్తుంది" అన్నాడు. బావ ఆ రోజే మడతమంచం తీసుకెళ్ళి అక్కడ వేశాడు.

ఎనిమిదడుగుల్లో మూడడుగులు తొట్టికే పోయింది. మిగిలింది ఐదు. బావేమో ఐదడుగుల పదంగుళాలు. మంచం అడ్డంగా వేస్తే పట్టదు, నిలువుగా వేస్తే కాళ్ళు గుమ్మంలోంచి బయటికొస్తాయి. హద్దు సరిగ్గా ఆ గుమ్మం మీదుగా పోతుంది. అంటే తల టౌన్లో, కాళ్ళు పల్లెలో. నిజంగానే ఒకరోజు తెల్లారుతుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వచ్చి, ఆ కాళ్ళు చూసి, చాలాసేపు ఆలోచించాడు. "ఇప్పుడు మిమ్మల్ని ఎక్కడ ఉన్నట్టు రాసుకోవాలండీ?" అన్నాడు. బావ లేవకుండానే "కాళ్ళు ఎక్కడుంటే అక్కడ నివాసమా, తల ఎక్కడుంటే అక్కడా? మీ పుస్తకంలో చూడండి" అన్నాడు. పుస్తకంలో లేదు. వారం పోయాక పైఆఫీసర్ని అడిగి వచ్చి చెప్పాడు, తల ఎక్కడుంటే అక్కడేనట. బావ ఆ ఏడాదంతా అది అందరికీ చెప్పుకున్నాడు. వానాకాలం కాళ్ళు తడుస్తున్నాయని అక్క లారీ టార్పాలిన్ ముక్కతో ఒక సంచిలాంటిది కుట్టిచ్చింది, మోకాళ్ళ దాకా దూర్చుకునేలా. కుడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. దారం ఖర్చు బావ అవసరంలో రాశాడు.

ఇన్‌స్పెక్టరు ఎప్పుడొస్తాడో తెలీదు కదా, అందుకని రోజూ అక్కడే పడుకోవాలి. మొదట్లో ఒక నెల అన్నాడు. తర్వాత ఏడాది అన్నాడు. అదే అలవాటైపోయింది. పొద్దున డ్యూటీకెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చి, తిని, పిల్లల పుస్తకాలు చూసి, దిండు చంకలో పెట్టుకుని "వస్తానే మరి" అని బయల్దేరేవాడు, ఏదో పొరుగూరు పోతున్నట్టు. చిన్నదాన్ని స్కూల్లో అడిగారు, మీ నాన్న ఏం చేస్తారు, ఎక్కడుంటారు అని. "నాన్న టౌన్లో ఉంటారు, అమ్మా మేమూ పల్లెలో ఉంటాం" అని చెప్పింది. పాపం ఆ టీచరమ్మకి గుండె కరిగిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, అక్క చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండాలమ్మా, మగవాళ్ళంతా ఇంతే, పిల్లల మొహం చూసి బతకాలి, ఏమైనా డబ్బు పంపిస్తున్నాడా?" అంది. అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పెరట్లోకి చెయ్యి చూపించి, "అరుగో, ఆ పొరుగూళ్ళో గడ్డం గీసుకుంటున్నారు. పిలవమంటారా?" అంది. ఆ టీచరమ్మ మళ్ళీ మా వీధిలో కనపడితే ఒట్టు.

నవ్వులాటకి ఇవన్నీ బాగానే ఉంటాయి. కానీ అక్కకి అది చాలా కష్టంగా ఉండేది, అది కూడా చెప్పాలి. రోజుకి ఎనిమిది బకెట్లు పొద్దున, ఆరు సాయంత్రం. ఇరవై రెండు అడుగులు పోను, ఇరవై రెండు రాను. దానికి తోడు రాత్రయితే ఇంట్లో మగమనిషి లేడు, పిల్లలకి జ్వరమొస్తే పెరట్లోకి వెళ్ళి పిలుచుకురావాలి. "నాకేం అక్కర్లేదు. వంటింట్లో కుళాయి, ఇంట్లో మనిషి. ఈ రెండే అడుగుతున్నా" అనేది. ఏటా కాగితం పరిచినప్పుడు ఆఖర్న అదే మాట. ఏటా బావ అదే జవాబు, "అప్పు తీరనీ." ఒకసారి కోపమొచ్చి నీళ్ళు తేనని కూర్చుంది. బావ పద్నాలుగు బకెట్లూ తనే మోసి, డ్యూటీకి ఆలస్యమై, సగం రోజు జీతం కోత పడింది. ఆ కోత ఏ గడిలో రాయాలో తెలీక పెన్సిలు నోట్లో పెట్టుకుని అలా కూర్చున్నాడు. అక్కకి నవ్వొచ్చి లేచి వెళ్ళిపోయింది.

అయితే ఒకటి చెప్పాలి. నేను రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను, పని నేర్చుకునేటప్పుడు. వరండాలో పడుకునేవాణ్ణి. కుళాయి పొద్దున ఐదింటికి వచ్చేది. ధార ఎంతనుకున్నావు, ఇదిగో, పెన్సిలంత. ఒక్కో బకెట్టు నిండటానికి నాలుగు నిమిషాలు. ఎనిమిది బకెట్లంటే అరగంట దాటుతుంది. ఐదున్నర తర్వాత పల్లెవైపు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, అక్క వాళ్ళకి కూడా పట్టుకోనిచ్చేది, ఊరికేనే. కానీ ఆ మొదటి అరగంట మాత్రం ఆ గదిలో వాళ్ళిద్దరే. బావ మంచం మడిచి గోడకి ఆనించి, తొట్టి గట్టుమీద కూర్చునేవాడు. అక్క ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద. ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు వినపడేది కాదు, నీళ్ళ చప్పుడు కదా. గొణుగుడు మాత్రం వినపడేది. మధ్యమధ్యలో అక్క నవ్వేది. ఇంట్లో ఆమె నవ్వగా నేను చూసింది చాలా తక్కువ. ఇంట్లో ఉన్నంతసేపూ పని, పిల్లలు, పొయ్యి, అది అయిందా, ఇది తెచ్చావా. ఒకసారి అడిగాను, ఏంటక్కా పొద్దున్నే అంత ముచ్చట్లు అని. "ముచ్చట్లా నా మొహమా, పాల లెక్క చెప్తున్నా" అంది. పాల లెక్కకి అంత నవ్వెందుకో మరి.

అప్పు తీరింది. పదిహేనేళ్ళూ అయిపోయాయి. అప్పటికి నేను పక్క వీధిలో కాపురం పెట్టాను. గొట్టం వేయిస్తాడేమో అనుకుంటే, పిల్లాడికి కాలేజీ ఫీజు వచ్చిపడింది, ఇంకో ఏడాది అన్నాడు. ఆ తర్వాత చిన్నదాని ఫీజు, ఇంకో ఏడాది. అక్క అడగటం మానేసింది. అడగటం మానేసిందంటే బావకి భయం వేసింది, నాతో అన్నాడు కూడా, "మీ అక్క ఈ ఏడు కాగితం దగ్గర ఏమీ అనలేదోయ్" అని. మరుసటేడు టౌను ఆఫీసువాళ్ళు పల్లెని టౌన్లో కలిపేశారు. లారీ వేసుకుని నలుగురు వచ్చి హద్దురాయి పీకేశారు. బావ పక్కనే నిలబడి చూస్తూ, దాన్ని ఏం చేస్తారు అని అడిగాడు. ఏం చేస్తామండీ, పడేస్తాం అన్నారు. రాయి లేచాక అక్కడో గుంట మిగిలింది, అంతే. ఇక ఇల్లంతా టౌనే, పన్ను ఎలాగూ మొత్తానికీ కట్టాల్సిందే. ఏ గదిలో పడుకున్నా తేడా లేదు. ఆ సాయంత్రమే బావ గొట్టాలవాడి దగ్గరికి వెళ్ళాడు. ఇరవై రెండు అడుగుల గొట్టం, రెండు వంపులు, ఒక కుళాయి. వారంలో అయిపోయింది. మడతమంచం నెత్తిమీద పెట్టుకుని బావ ఇంట్లోకి వచ్చాడు, పదిహేడేళ్ళ తర్వాత. వీధిలో వాళ్ళు నిలబడి చూశారు. అక్క గుమ్మంలో నిలబడి "కాళ్ళు కడుక్కుని రండి" అంది.

ఇక అంతా బాగున్నట్టే కదా? అడిగింది అడిగినట్టు వచ్చింది. వంటింట్లో కుళాయి, ఇంట్లో మనిషి. టౌనువాళ్ళు కొత్త గొట్టాలు వేశారు, ధార ఇంత లావుగా వచ్చేది. బకెట్టు పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేలోపు నిండిపోయేది. బావ నిద్ర లేచేసరికి నీళ్ళ పని అయిపోయి, అక్క పొయ్యి దగ్గర ఉండేది. పదిరోజులకి నేను వెళ్ళాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఏంటి, తగాదా పడ్డారా అనుకున్నా. తగాదా ఏం లేదు. బావ కుర్చీలో, అక్క వంటింట్లో, "తింటారా?" "తింటా." "ఉప్పు?" "సరిపోయింది." అంతే. ఎక్కడ మొదలెట్టాలో ఇద్దరికీ తెలీట్లేదు. బయటికొచ్చేటప్పుడు బావ నాతోపాటు వీధి చివరిదాకా వచ్చి, సిగరెట్టు వెలిగించి, "ఇంట్లో నిద్ర పట్టట్లేదోయ్" అన్నాడు. నేను "కొత్త కదా" అన్నాను.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే అక్క వంటింటి కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "గొట్టం వాసన. ఈ నీళ్ళు నా వల్ల కాదు" అని, ఖాళీ బకెట్టు తీసుకుని పెరట్లోకి బయల్దేరింది. ఆ గది కుళాయికీ వంటింటి కుళాయికీ వచ్చేది ఒకే నీళ్ళు తల్లీ, వీధిలో ఉన్న ఒకే పెద్ద గొట్టంలోంచి. ఆ గదిలోకి వచ్చేది మాత్రం పాత సన్న గొట్టం, అంతే తేడా, ధార ఇంకా పెన్సిలంతే. బావ చూడు, ప్రతిదానికీ లెక్క చెప్పే మనిషి, నోరు మెదపకుండా లేచి, రెండో బకెట్టు తీసుకుని వెనకే వెళ్ళాడు. అప్పట్నుంచీ రోజూ అంతే. మంచం ఇంట్లోనే. పొద్దున ఐదింటికి మాత్రం ఇద్దరూ ఆ గదిలో.

దానికి ఆర్నెల్ల తర్వాత వచ్చింది నోటీసు. ఒకే ఇంటికి రెండు కుళాయిలు ఉన్నాయి, ఒకటి తీసేసుకోండి, లేకపోతే రెండోదానికి రెండింతలు. అప్పటికి కుళాయి పన్ను నూట యాభై. రెండోదానికి మూడు వందలు. ఏడాదికి ముప్పై ఎనిమిది కోసం పదిహేడేళ్ళు కుళాయి కింద పడుకున్న మనిషి మా బావ. మూడు వందలంటే ఆ రోజే కోసి పారేస్తాడనుకున్నాం అందరం. నేనే తోడెళ్ళాను ఆఫీసుకి. ఆ పొడుగు ఇన్‌స్పెక్టరే, జుట్టంతా తెల్లబడింది. "రండి రండి, తల ఎక్కడ పెడుతున్నారిప్పుడు?" అని నవ్వాడు. "ఏ కుళాయి తీసేయమంటారు?" అన్నాడు. బావ "ఏదీ వద్దండీ" అన్నాడు. "మూడు వందలండీ, ఏటా." "చదివానండీ." ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు, మీ బావకి ఒంట్లో బాగుందా అన్నట్టు. బావ డబ్బు తీసి కట్టేసి రసీదు జేబులో పెట్టుకున్నాడు. దారిలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పదకొండేళ్ళు కట్టాడు అలాగే, పెరిగినప్పుడల్లా పెరిగినంతా.

ఆయన పోయాక ఇల్లు అక్క పేర మార్పించాలని కాగితాలన్నీ నేనే తీశాను. ట్రంకుపెట్టెలో చీటీల కాగితాలు, ఏడాదికొకటి, చుట్టి దారం కట్టి ఉన్నాయి. రసీదులు ఏ ఏటివి ఆ ఏటి కాగితంలోనే ఉన్నాయి. సరే కదా అని విప్పి చూశాను, ఆ రెండో కుళాయి ఏ గడిలో రాశాడా అని. దండగ గడి మొత్తం వెతికాను. సిగరెట్లు ఉన్నాయి, ఏదో లాటరీ టికెట్టు ఒకటి ఉంది, కుళాయి లేదు. పోనీ అవసరంలో ఉంటుందేమో అనుకున్నా, అక్కడా లేదు. తప్పనిసరిలో ఉంది తల్లీ. సరుకుల కన్నా, మందుల కన్నా పైన. మొదటి వరస. పదకొండు కాగితాల్లోనూ అదే మొదటి వరస. అక్క కూరలు తరుగుతోంది, ఏంట్రా అంత చూస్తున్నావు, చదువు అంది. చదివాను. కత్తి పక్కన పెట్టింది. ఆ తర్వాత, "ఆ నీళ్ళకేం వాసన లేదురా. ఆయనకి తెలీదనుకున్నాను" అంది.

...ఆఁ? ఏంటి? లేదు లేదు, ఇదిగో నీ కాగితం, తీసుకో. చెప్పానుగా, కూడిక సరిగ్గానే ఉంది. పదకొండు వేలే. ఆ వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టినట్టు లేదు చూడు, చుక్కలు పడుతున్నాయి.